పొద్దుటి ధర

ఆదివారం, ఉదయం కాఫీ వేళ. ఉన్నవాళ్లు: నేను, నా కొడుకు, కోడలు, మనవరాలు. పనిమనిషి రాలేదు.

నా డైరీలో ఏ రోజు పేజీ అయినా ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారో. ఆఫీసులో మీటింగుల వివరాలు రాసి రాసి పట్టుకున్న అలవాటు, రిటైరయ్యాక కూడా వదల్లేదు. ఇక్కడ తేదీ, పేర్లు తీసేశాను. చదివేవాళ్లకు వాటితో పని లేదు.

మేముండేది బుక్కరాయసముద్రంలో. కోడలు శనివారం సాయంత్రం అనంతపురం పోయి పెద్ద దుకాణంలో వారం సరుకులు తెచ్చింది. ఆదివారం పొద్దున వాటిని డబ్బాల్లోకి సర్దుతూ రసీదు తీసి నాకు చూపించింది. మొత్తం వేసిన గీత కింద, మిగతా అక్షరాలకంటే లావుగా, ఈ రోజు మీకు ఆదా అయినది ఇంత అని ఒక అంకె ఉంది.

"సూడత్తా, రెండు నూనె ప్యాకెట్లకు ఒకటి ఊరికే ఇచ్చినారు" అంది.

"మనకు ఒకటి చాలదా?"

"చాల్తాది. ఊరికే వస్తాంటే వద్దనేదెట్ల?"

మనవరాలు తలెత్తకుండానే, "ఫోన్లో పెడితే ఇంకా తక్కువకొస్తాది నాయనమ్మా. ఇంటికే తెచ్చిస్తారు" అంది.

"అదే మేలు" అన్నాడు నా కొడుకు. "ఇంగ వారం వారం పొయ్యే పనే లేదు."

ముగ్గురూ సంతోషించారు. అందులో తప్పేమీ లేదు. కాని వారం వారం పోయే పనే లేదన్న ఆ మాట నేను చిన్నప్పుడు ఒకసారి విన్నాను. ఇంత సంతోషంగానే అన్నారు. ఆ రోజు డైరీలో సరుకుల సంగతి రాసి, కింద సగం పేజీ ఖాళీగా వదిలేశాను. అక్కడ పట్టని సంగతి ఇక్కడ రాస్తున్నాను. డైరీ మొదలుపెట్టక ముందుది కాబట్టి జ్ఞాపకమే ఆధారం.

మా ఊరు బెళుగుప్ప వైపు మెట్ట. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఎర్రమట్టి. ఊర్లో ఉన్న ఒక్క అంగడిలో ఉప్పు, అగ్గిపెట్టెలు, కిరసనాయిలు, బీడీలు దొరికేవి. కూరగాయలు, మిరపకాయలు, బెల్లం, పప్పులు కావాలంటే బుధవారం సంతకే పోవాలి. సంత జరిగే ఊరు మాకు పడమర, రెండు వాగులు దాటి నడవాలి. వాగులంటే ఇసుకే. నీళ్లున్న వాగును నేను హైస్కూలుకు వచ్చాక చూశాను.

ఆ సంత వాసన వరసగా చెప్పగలను. మొదట బండ్లు విప్పిన చోట ఎద్దుల వాసన. తర్వాత ఎండు మిరపకాయల ఘాటు. అక్కడ అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ తుమ్ముకుంటూనే బేరమాడేవాళ్లు. ఆ పక్కన పొగాకు, కొత్త గోనెసంచులు, బెల్లం దిమ్మెలు. అన్నిటికీ చివర, ఒక పాత గోడ ముందు, ఉగ్గాని చేసే ముసలామె పొయ్యి. నానబెట్టిన బొరుగులు పిండి, ఉల్లిపాయ పచ్చిమిరప తాలింపులో వేసి, పుట్నాల పొడి చల్లి, ఆకులో పెట్టి, పక్కన ఒక మిరపకాయ బజ్జీ ఉంచేది. ఆకు కింద చెయ్యి కాలేది. కింద పెట్టే ఓపిక ఉండేది కాదు.

బెల్లం వరసలో నా దొంగపని ఒకటి సాగేది. రుచి చూస్తానని చిన్న ముక్క అడిగి నోట్లో వేసుకుని, "ఉప్పగుండాది" అని పక్క దుకాణానికి పోయేదాన్ని. అక్కడా అదే మాట. ఒక వారం ఒకాయన నేను నోరు తెరవకముందే ముక్క విరిచి చేతిలో పెట్టాడు.

"ఏం పాపా, పోయిన వారం ఉప్పగుండె గదా. ఈ వారం ఎట్లుండాదో సూసి చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. బెల్లం మాత్రం తిన్నాను.

అమ్మ సంతకు పోయేది బెల్లానికీ మిరపకాయలకూ కాదు. ఉగ్గాని పొయ్యి వెనక, ఆ గోడ నీడలో, అవ్వ కూర్చుని ఉండేది. అవ్వ అంటే అమ్మను కన్నతల్లి. వాళ్ల ఊరు గుమ్మఘట్ట వైపు. రెండు ఊర్లకూ నడుమ ఉన్నది ఆ సంత ఒక్కటే. తల్లీ కూతురూ కలుసుకోవడానికి భూమ్మీద మిగిలిన చోటు కూడా అదొక్కటే.

దానికి కారణం జొన్నచొప్ప. నాకు ఊహ తెలియని రోజుల్లో ఒక కరువు వచ్చింది. మా ఎద్దులకు మేత లేదు. నాయన అవ్వ వాళ్లింటికి పోయి చొప్ప అడిగాడు. వాళ్ల వామి ఇంటికంటే ఎత్తుగా ఉందట. మా మేనమామ, "రేపు బండి పంపు బావా, యాడికి పోతాది" అన్నాడట. మర్నాడు నాయన బండి తోలుకుపోయేసరికి వామి ఉన్న చోట నేల ఊడ్చినట్టు ఉంది. బళ్లారి వైపు నుంచి వచ్చిన వ్యాపారి రెట్టింపు ధర ఇస్తానంటే మామ రాత్రికి రాత్రే అమ్మేశాడు. నాయన ఖాళీ బండితో తిరిగి వచ్చాడు. ఆ ఎండాకాలం ఒక ఎద్దు దాటలేదు.

"ఆ ఇంటోళ్లు నా గడప తొక్కేదానికి లేదు. ఈ ఇంటోళ్లు ఆ ఊరి పొలిమేర దాటేదానికి లేదు" అన్నాడు నాయన. మామ కూడా దిగిరాలేదు. ఆడవాళ్లను ఎవరూ అడగలేదు.

సంత ఎవరి గడపా కాదు, ఎవరి పొలిమేరా కాదు. అమ్మ గంప పట్టుకుని తెల్లవారుతూనే బయల్దేరేది. నేను వెంట. చేరగానే నాలుగు రకాల కూరగాయలు గబగబా గంపలో వేసుకుని గోడ నీడకు వచ్చేది. అవ్వ కొంగుముడి విప్పి వేయించిన అలసందలో, బెల్లం కలిపిన రాగిపిండో నా చేతిలో పోసేది. తర్వాత అమ్మను ముందు కూర్చోబెట్టుకుని జుట్టు విప్పి దువ్వేది. ఇంట్లో అందరికీ పెట్టి మిగిలింది తినే మా అమ్మ, అక్కడ చిన్నపిల్లలా నోరు తెరిస్తే అవ్వ ఉగ్గాని ముద్ద పెట్టేది. అలా ఒకరు అమ్మకు తినిపించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

"అల్లునికి దగ్గు తగ్గిందా?" అని అడిగేది అవ్వ. గడప తొక్కొద్దన్న అల్లుడి దగ్గు గురించే ప్రతి వారం మొదటి మాట.

"తగ్గింది."

"నిన్ను కొడ్తాడా?"

"కొట్టడు."

"తిడ్తాడా?"

"తిట్టడు. లెక్క అడుగుతాడు."

అవ్వ దువ్వెన ఆపి, "అది ఇంకా కష్టమే బిడ్డా" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు అప్పుడు అర్థం కాలేదు.

పొద్దు నడినెత్తి దాటగానే అవ్వ లేచేది. వాళ్ల ఊరికి దారి పొడుగు, అటు పోయే నలుగురు ఆడవాళ్లు ఆ వేళకే కదులుతారు. అమ్మకు దొరికేది ఆ పూట ఒక్కటే.

నాయన చెడ్డవాడు కాదు. ఇది నేను ఆయన కూతుర్ని కాబట్టి అనడం లేదు. కరువులు ఆయన్ని అలా చేశాయి. తన మీద దమ్మిడీ పెట్టుకునేవాడు కాదు. బీడీ మానేశాడు. చెప్పు తెగితే పాత తోలుపట్టాతో తనే కుట్టుకునేవాడు. మమ్మల్ని ఏది వద్దన్నా, అది తను అంతకుముందే మానేసి ఉండేవాడు. ఆయన్ని తప్పుపట్టడానికి చోటు లేకుండా చేసుకున్నాడు. లెక్కంతా ఆయనకు నోటి మీదే. అమ్మ సంతనుంచి వస్తే గంపలోంచి ఒక్కొక్కటీ తీసి, ఉల్లిగడ్డను అరచేతిలో ఎగరేసి బరువు చూసి, ధర అడిగి, కింద పెట్టేవాడు.

ఒక బుధవారం మాపటివేళ నాయన అరుగు మీద కూర్చుని ఉండగా, పక్కింటి పెద్దమ్మ సంతనుంచి గంపతో వస్తోంది. ఆమె మొగుడు నాయనకు వరసకు అన్న. వాళ్లకూ మాకూ గోడ ఒకటే.

"ఏం వదినా, వంకాయ ఎట్ల?" అన్నాడు నాయన.

"కుప్ప బేడకు తెచ్చినా మరిదీ. సంత విరిగే ఏళకు పోతే వాళ్లే పిలిచి ఇస్తారు, మోసకపోలేక."

బేడ అంటే రెండణాలు, పావలాలో సగం. నాయన ఇంట్లోకి వచ్చాడు.

"ఏమే, మన వంకాయ ఎంత?"

"పావలా."

"అదే సంత, అదే వంకాయ. ఆయమ్మకు బేడ, నీకు పావలా. ఎందుకు?"

"పొద్దున్నే పోతే లేతవి దొరుకుతాయి" అంది అమ్మ.

"ఉడికినాక లేతేంది, ముదురేంది? ఇంగ మాపటికి పో."

మాపటికి పోతే అవ్వ ఉండదు. అమ్మకు ఆ సంగతి చెప్పే దారి లేదు. "మాపటికి పాలు పిండల్ల, ఎనుములకు నీళ్లు పెట్టల్ల. పొద్దున అయితే కుదురుతాది" అంది, పొయ్యి వైపు తిరిగి.

నాయన ఆలోచించాడు. న్యాయంగానే ఆలోచించాడు. "సరే, పొద్దున్నే పో. కాని మాపటి ధరకు తేవల్ల. తేలేవంటే మాపటికే పోవల్ల."

అక్కడినుంచి అమ్మ బతుకు ఆ రెండు ధరల నడుమ పడింది. పొద్దుటి ధర పెట్టి కొనాలి, మాపటి ధర ఇంట్లో చెప్పాలి. నడుమ తేడా ఎక్కడినుంచో తేవాలి.

వేరుశనగ చెట్లు పీకేసిన తర్వాత నేలలో కాయలు కొన్ని తెగి ఉండిపోతాయి. కూలి ఆడవాళ్లు చిన్న కొయ్యతో మట్టి గెలికి అవి ఏరుకుంటారు. దాన్ని పరిగె అంటారు. ఎవరు ఏరితే వాళ్లది. ఏ రైతూ అడ్డం చెప్పడు. అమ్మ కట్టెలకని చెప్పి మధ్యాహ్నం ఎండలో మా చేనికే పోయి, ఆ కూలి ఆడవాళ్ల వెనక వంగి ఏరేది. నేనూ ఏరేదాన్ని. పచ్చికాయ మట్టివాసన గోళ్లలో దిగి ఎంత తోమినా పోయేది కాదు. వాళ్లు అమ్మను వింతగా చూసేవాళ్లు.

"ఏందమ్మా, చేను మీదే, మా కాడికొచ్చి పరిగె ఏరుతాండావు?"

"పాప ఆడుకుంటాదని" అనేది అమ్మ.

ఆ కాయలు కట్టెలమోపు నడుమ దాచి తెచ్చి, బుధవారం సంతలో గానుగాయనకు కొలిచేది. వచ్చిన దుడ్లతో తేడా పూడ్చేది. చేను తడి ఆరి మట్టి బిగుసుకున్నాక కొయ్య విరిగేది గాని కాయ వచ్చేది కాదు. అయినా పోయేవాళ్లం. వచ్చే వారం అవ్వను చూడాలంటే ఆ పిడికెడు కాయలు దొరకాలి.

ఇక మాపటి ధర ఎంతో తెలియాలి కదా. అది నా వంతు. పొద్దు గుంకేవేళ వీధి మొదట్లో గోళీలాడుతున్నట్టు నిలబడి, సంతనుంచి వచ్చే ఆడవాళ్లను అడిగేదాన్ని. "పెద్దమ్మా, టమాటా ఎట్ల? చిన్నమ్మా, బీరకాయ ఎంత?" వాళ్లు చెప్పిన వాటిలో తక్కువ ధర ఏదో అది అమ్మ చెవిలో వేసేదాన్ని. అన్నం తినేటప్పుడు నాయన అడిగితే అమ్మ అదే చెప్పేది.

మేం చేసిన పొరపాటు ఇక్కడే. బేరమాడే ఆడమనిషి కొన్న ధర కొన్నట్టు ఎప్పుడూ చెప్పదు. మూడణాలు పెట్టి బేడ అంటుంది. బేడ పెట్టి అణాన్నర అంటుంది. ఎదురింటామె ముందు గొప్ప తగ్గకూడదు కదా. పదిమంది గొప్పల్లో అతి పెద్ద గొప్ప ఏరి తెచ్చి నేను అమ్మకు ఇచ్చేదాన్ని. ఆ ధరకు ఆ సంతలో ఏ వేళలోనూ ఎవరూ ఏదీ కొనలేదని మా ఇద్దరికీ తెలియదు. తేడా పెరిగింది. అమ్మ ఇంకా ఎక్కువ పరిగె ఏరింది.

నాయన మురిసిపోయాడు. ఆయన మురిసిపోవడం నేను అంతకుముందు చూడలేదు. అరుగు మీద మగవాళ్లతో, "మాయమ్మి పొద్దున్నే పోయి అణాకు తెస్తాది. మీ వాళ్లేమో దినమంతా ఆడ్నే కూలబడతారు" అనేవాడు. వీధిలో ఆడవాళ్లకు తిట్లు మొదలయ్యాయి. ఒక రాత్రి గోడ అవతల పెదనాయన గొంతు వినిపించింది.

"ఆయమ్మ అణాకు తెస్తాంటే నీకేం రోగం? మిగిల్నవి యాడ దాస్తాండావు? మీ పుట్టింటికి మోస్తాండావా?"

తర్వాత ఏదో పళ్లెం గోడకు తగిలి పడింది. పెద్దమ్మ చెప్పిన గొప్పే మా ఇల్లు తిరిగి ఆమె మొగుడి చేతికి చేరింది.

తర్వాతి బుధవారం పెద్దమ్మ కూడా పొద్దున్నే సంతకు వచ్చింది. గోనెసంచుల వెనక నిలబడి ఆమె మమ్మల్ని చూడటం నేను చూశాను. అవ్వ అమ్మ నోట్లో ముద్ద పెడుతోంది. అమ్మ కళ్లు మూసుకుని నములుతోంది. పెద్దమ్మ దగ్గరకు రాలేదు, పలకరించలేదు. గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మొగుడితో చెప్పింది. ఆమెను నేను తప్పుపట్టను. పళ్లెం తన గోడకు తగిలింది. ఆమె అది ఆపుకుంది.

మర్నాడు పెదనాయన అరుగు మీద అందరి ముందూ నవ్వాడు.

"ఏమప్పా, మీ ఆడమనిషి మంత్రం తెలిసిపాయలే. సంతలో వాళ్లమ్మ ఒడిలో కూచోని ఉగ్గాని తింటాండాదంట. ఆడ ధరెవరికి కావల్ల?"

నాయన లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ సంగటి పెట్టింది. ఆయన ముద్ద విరిచి పులుసులో అద్ది, "వంకాయ ఎంతకు తెచ్చినావు?" అన్నాడు.

"అణా."

"ఉల్లిగడ్డ?"

అమ్మ చెప్పింది.

"మీయమ్మ బాగుండాదా?"

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "బాగుండాది" అంది.

"అణాకు ఎవురూ ఇయ్యరు. తక్కింది ఏ దుడ్లు?"

"పరిగె ఏరి అమ్మినా."

"ఎవురి చేన్లో?"

"మన చేన్లో."

"మన చేన్లో పరిగె ఎవురిది?"

"ఏరినోళ్లది" అంది అమ్మ. నాకు తెలిసి ఆమె ఆయనకు ఎదురు చెప్పిన మాట అదొక్కటే.

నాయన గొంతు పెంచలేదు. "కూలోళ్లు ఏరితే కూలోళ్లది. ఇంట్లో ఆడదానికి పరిగేంది? చేను మనదైతే రాలిన కాయా మనదే. ఇంట్లోది తీసి ఇంటికే అమ్మినావు నువ్వు" అన్నాడు. సంగటి మొత్తం తిన్నాడు. ఆయన ఎప్పుడూ పారేయడు.

ఆ చేను మా పేరు మీద ఉంది కాబట్టి అందులో కింద రాలిన ఒక్క కాయ మీద కూడా అమ్మకు హక్కు లేకపోయింది. కూలికి వచ్చిన ఆడమనిషికి ఉన్నపాటి హక్కు లేకపోయింది. ఆ తర్వాత ఎన్నో కాగితాలు చూశాను ఉద్యోగంలో. ఇంత తిరుగులేని వాదన ఏ కాగితంలోనూ చూడలేదు.

రెండు రోజులకు నాయన బండి కట్టుకుని రాయదుర్గం పోయాడు. పప్పు, మిరపకాయలు, బెల్లం, చింతపండు, ఉల్లిగడ్డలు, అన్నీ బస్తాల లెక్కన తెచ్చి దించాడు. కూరగాయలకు బదులు ఒరుగులు. అంటే ఎండబెట్టిన వంకాయ ముక్కలు, గోరుచిక్కుడు. ఆయన మొహంలో కోపం లేదు. చాలా రోజులుగా తేలని లెక్క తేలినట్టు ఉంది.

"నెల సరుకు ఒకేసారి తెస్తే వారం సంత కంటే సగానికి సగం మిగుల్తాది. ముందే తోచలేదు. ఇంగ వారం వారం పొయ్యే పనే లేదు" అన్నాడు.

బుధవారం వచ్చింది. అమ్మ తెల్లవారుతూనే తల దువ్వుకుంది, అలవాటు కొద్దీ. గంప చేతిలోకి తీసుకుని, మళ్లీ ఉట్టి కింద పెట్టింది. నాయన ఆ రోజు చేనికి పోలేదు. వాకిట్లో కూర్చుని పగ్గాలు పేనాడు. నేను సంతకు పోయి అవ్వకు చెప్పి వస్తానని అమ్మ చెవిలో అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. పొద్దు నడినెత్తి దాటేదాకా మాటిమాటికీ పడమర చూసింది. దాటాక చూడటం మానేసింది.

ఆ రోజు పెద్దమ్మ సంతకు పోయిందని, గోడ నీడలో ఒంటరిగా కూర్చున్న అవ్వ దగ్గరకు తనే పోయి జరిగిందంతా చెప్పిందని మాకు చాలా కాలం తర్వాత తెలిసింది. అవ్వ ఆ మధ్యాహ్నం తన ఊరి ఆడవాళ్లతో లేచి పోలేదు. ఉగ్గాని ముసలామె గుడిసెలో ఆ రాత్రి ఉండిపోయింది.

మిగతావి ముందే చెప్పేస్తాను. ఆ సంత ఇప్పుడు లేదు. ఆ స్థలంలో సిమెంటు ఇటుకలు చేస్తున్నారు. నాయన మిగిల్చిన డబ్బు బావి లోతు చేయించడానికి పోయింది. కింద రాయి తగిలింది. రాయి కింద ఇంకో రాయి. అవ్వ చనిపోయినప్పుడు నాయన అమ్మను పొలిమేర దాటనిచ్చాడు. మేం చేరేసరికి అవ్వను బయట పడుకోబెట్టి ఉన్నారు. ఇప్పుడు ఎవరైనా నా ముందు ఇంత మిగిలింది అంటే, ఎవరికి మిగిలింది అని నోటిదాకా వస్తుంది. అనను. వాళ్లిద్దరూ బతికి ఉండగా ఒకరినొకరు చూసుకున్న ఆఖరిసారి ఆ బుధవారం తెల్లారి, గురువారం పొద్దున.

నాయన అరుగు మీద వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు. అమ్మ లోపల విసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది. ఆడవాళ్లు వాకిళ్లు ఊడ్చి పేడనీళ్లు చల్లుతున్నారు. వీధి మొదట్లో ఒక కేక వినిపించింది.

"చింతపండమ్మా... చింతపండు..."

అలవాటున్న గొంతు కాదు. అమ్మేవాళ్లు పాటలా సాగదీస్తారు. ఇది ఎవరినో పేరు పెట్టి పిలవబోయి ఆగినట్టు ఉంది. నేను వీధిలోకి పరిగెత్తాను. నెత్తిన కొత్త గంప పెట్టుకుని అవ్వ వస్తోంది. పది ఎకరాల కాపు ఇంటి ఆడమనిషి ఆమె. జీవితంలో ఎప్పుడూ గంప నెత్తిన పెట్టి వీధిలో అరవలేదు. గంప నిలవక ఒక చేత్తో గట్టిగా పట్టుకుంది. చుట్టాలు తొక్కకూడని గడప ముందు అమ్మేవాళ్లు ఆగొచ్చు. ఏ ఇంటివాళ్లయినా బేరం అడగొచ్చు, ఏ ఆడమనిషైనా వాకిట్లోకి వచ్చి చూడొచ్చు. దాని కోసం ఆమె సంతలో చింతపండు కొని, ఇసుకవాగులు రెండూ దాటి వచ్చింది. మా ఇల్లు వీధిలో ఆ చివర.

పెద్దమ్మ చేతిలో చీపురు జారిపోయింది. ఆమె వెంటనే గుర్తుపట్టింది. ఏం చేయాలో తోచక, తనకు చేతనైన మేలు చేసింది.

"ఇట్ల రా అక్కా, దించు. నాకు రెండు సేర్లు పెట్టు" అంది. ధర అడగలేదు. పక్కనున్నవాళ్లను పిలిచింది. "రాండే, మంచి చింతపండు. ఎవురూ బేరమాడొద్దండి."

ఆడవాళ్లు చుట్టూ మూగారు. ఆమె ఎవరో ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. ఆమె కొంగులో దుడ్లు పోస్తూ, ఒకరిని మించి ఒకరు కొన్నారు.

"అంతొద్దమ్మా, రోంత తీసుకో. ఆ చివర ఇండ్లకూ పోవల్ల నేను" అంది అవ్వ, రెండు చేతులూ గంప మీద అడ్డం పెట్టి.

"ఉండనీలే అక్కా, మోయలేవు. బరువు తగ్గుతాది."

"సాకమ్మా, చాలు. రోంత ఉండనీ."

వాళ్లు వినలేదు. మంచి చేస్తున్నవాళ్లు వినరు. మా ఇంటికి ఇంకా నాలుగు వాకిళ్ల దూరం ఉండగానే గంప అడుగు కనిపించింది.

నేను లోపలికి పోయి అమ్మ భుజం పట్టి ఊపాను. రాయి ఆగింది. అమ్మ పిండిచేతులతోనే గడప దాకా వచ్చింది. నాలుగు వాకిళ్ల అవతల అవ్వ నిలబడి ఉంది, ఖాళీ గంపతో. అమ్మేందుకు ఏమీ లేని మనిషికి ఆ వీధిలో ముందుకు నడిచే కారణం లేదు. ఇద్దరూ చూసుకున్నారు.

నాయన వేపపుల్ల ఉమ్మేశాడు. "చింతపండు అయిపోయినట్లుండాదే. ఇంగేం పని ఈ వీధిలో?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

అవ్వ గొంతు సవరించుకుంది. "వచ్చే వారం మళ్లా తెస్తానమ్మా. కావల్సినోళ్లు ఎవురైనా ఉంటే చెప్పండి."

వీధంతా అమ్మ వైపు చూసింది. పెద్దమ్మ, "చెప్పే, చెప్పు" అంది మెల్లగా. అమ్మ నోరు తెరిచింది.

"మాకు ఏడాదికి సరిపడా ఉండాది" అన్నాడు నాయన.

అది నిజం. బస్తా లోపలే ఉంది. అమ్మ నోరు మూసుకుంది. అవ్వ నెత్తిమీది గుడ్డచుట్ట తీసి గంపలో వేసి, గంప చంకన పెట్టుకుని, వచ్చిన దారినే పోయింది. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూడలేదు. చూసి ఉంటే అమ్మ అక్కడ లేదు కూడా. లోపల విసుర్రాయి మళ్లీ మొదలైంది.

అమ్మ ఆ పొద్దు జొన్నలు విసురుతూనే ఉంది. చేట నిండింది, పక్కన పరిచిన గుడ్డ నిండింది. ఎండ వాకిట్లోకి వచ్చాక నాయన లోపలికి వచ్చాడు. పిండికుప్పను చూసి, ఒక పిడికెడు తీసి మళ్లీ వదిలి, "ఒక పూటకు ఇంత పిండి ఎందుకే?" అని అడిగాడు.

అమ్మ రాయి ఆపలేదు.